అన్ని ఫైళ్లలో ఒకేసారి వెతకడం: ఎలాన్‌లో ఒక ‘బాయి’ వెంట

నల్గొండ, పాలమూరు పల్లెల్లో పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి, విన్నది విన్నట్టు రాసిపెట్టే పని మాది. ఒకాయన దగ్గర గంట కూర్చుంటే ఒక ఫైలు తయారవుతుంది. మర్రిగూడ, దేవరకొండ, మక్తల్, కొల్లాపూర్ అంటూ తిరిగేకొద్దీ ఫోల్డర్ నిండిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు: “మీ రికార్డింగుల్లో ‘బాయి’ అన్నవాళ్లు ఎంతమంది, ‘బావి’ అన్నవాళ్లు ఎంతమంది?”

ఒక్కో ఫైలు తెరిచి కంట్రోల్, ఎఫ్ కొట్టుకుంటూ పోతే తెల్లారుతుంది. ఎలాన్‌లో దీనికి వేరే దారి ఉంది. నెదర్లాండ్స్‌లోని నైమేఖన్‌లో ఉన్న మాక్స్ ప్లాంక్ మనోభాషాశాస్త్ర సంస్థ తయారుచేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. ఆడియో, వీడియోల పక్కన వరుసలు వరుసలుగా రాసుకోవడానికి వాడతాం. ఆ వరుసను టియర్ అంటారు, వరుసలో ఒక్కో ముక్కను అనొటేషన్ అంటారు. అంతవరకు మీకు తెలుసనుకుని మొదలుపెడుతున్నాను.

ముందే ఒక మాట. బటన్లు నొక్కడం పది నిమిషాల్లో వచ్చేస్తుంది. కష్టమంతా వచ్చిన జవాబును ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడంలోనే ఉంది. మొదటిసారి నేను వెతికి, “మక్తల్ వైపు ‘బాయి’ అనే మాటే లేదు సార్” అని ధీమాగా చెప్పాను. సార్ ఒక రికార్డింగు పెట్టారు. మొదటి నిమిషంలోనే పెద్దాయన “మా బాయి కాడ…” అన్నాడు. ఏమైందంటే, మిగతా ఫైళ్లలో టియర్ పేరు ‘మాట’. మక్తల్ ఫైళ్లు రాసిన మిత్రుడు ‘మాటలు’ అని పెట్టుకున్నాడు. నేను ‘మాట’లోనే వెతికాను. సున్నా వచ్చింది.

వెతికేముందు ఫైళ్ల సంగతి

ఎలాన్ చాలా ఫైళ్లలో వెతికేటప్పుడు చూసేది ఈఏఎఫ్ ఫైళ్లనే, అంటే మన అనొటేషన్లు దాచి ఉండే ఫైళ్లనే. పక్కన అదే పేరుతో కనిపించే పీఎఫ్ఎస్ఎక్స్ ఫైలు మీ స్క్రీన్ సెట్టింగుల కోసం, అందులో మాటలేవీ ఉండవు. ప్రాట్ అనే ధ్వని విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో చేసిన టెక్స్ట్‌గ్రిడ్ ఫైళ్లుంటే వాటిని ముందు ఎలాన్‌లోకి ఇంపోర్ట్ చేసి ఈఏఎఫ్‌గా సేవ్ చేయాలి. ఒక్కోటి కాకుండా కొన్నిటిని కలిపి కూడా ఇంపోర్ట్ చేయొచ్చు. ఆ సమయంలో ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను దాచే పద్ధతి, యూటీఎఫ్-8 అని ఎంచుకోకపోతే తెలుగు చెడిపోయి కనిపించొచ్చు.

డీటీపీ అలవాటున్న వాళ్లెవరైనా అను ఫాంట్లలో టైపు చేసి ఇచ్చారా? అది యూనికోడ్ కాదు, అంటే తెలుగు అక్షరాలకు అన్ని కంప్యూటర్లూ వాడే కోడ్ కాదు. ఆ ఫాంట్ తీసేస్తే ఇంగ్లిష్ అక్షరాల గందరగోళమే మిగులుతుంది. దాన్ని మార్చుకోకుండా ఎంత వెతికినా ఏమీ దొరకదు.

తర్వాత టియర్ల పేర్లు. నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి. ఒకదాంట్లో ‘మాట’, ఇంకోదాంట్లో ‘మాటలు’, మరోదాంట్లో మనిషి పేరు ఉంటే, వెతకడం ఆపి ముందు వాటిని సరిచేయండి. మా దగ్గర ఇప్పుడు ఒకటే పద్ధతి. చెప్పేవాళ్ల మాటకు ఒక టియర్, అడిగేవాళ్ల మాటకు ఒక టియర్, దాని కింద ‘పదం’, దాని కింద ‘అర్థం’. టియర్ లక్షణాల్లో పార్టిసిపెంట్ అనే గడి ఉంటుంది, అందులో మనిషికి ఇచ్చిన కోడ్ రాస్తాం. చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తారు. చివర్లో లెక్క తీసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఫైలు పేర్లలో జిల్లా కూడా పెట్టేవాళ్లకు ఇంకో చిక్కు. 2016 అక్టోబరులో పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. పాత మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వచ్చాయి. 2019లో నారాయణపేట వేరైంది. మక్తల్ ఇప్పుడు నారాయణపేట జిల్లాలో ఉంది, చెప్పే మనిషి మాత్రం “మాది పాలమూరే” అంటాడు. అందుకే మేం జిల్లా వదిలేసి, ఊరి పేరూ వరుస సంఖ్యా పెడతాం: మర్రిగూడ_03, మక్తల్_07.

డొమైన్: ఎక్కడ వెతకాలో చెప్పడం

సెర్చ్ మెనూ తెరవండి. అందులో మనకు పనికొచ్చేవి రెండు. ‘సెర్చ్ మల్టిపుల్ ఈఏఎఫ్’ సాదా వెతుకులాటకు, ‘స్ట్రక్చర్డ్ సెర్చ్ మల్టిపుల్ ఈఏఎఫ్’ లోతైన వెతుకులాటకు. ఏది తెరిచినా ముందు డొమైన్ అడుగుతుంది. డొమైన్ అంటే ఏయే ఫైళ్లలో వెతకాలో చెప్పే జాబితా. కొత్త డొమైన్ ఎంచుకుని, ఫైళ్లనో ఫోల్డర్లనో చేర్చి, ఒక పేరు పెట్టి సేవ్ చేస్తే మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. ‘పాలమూరు_అన్నీ’, ‘దేవరకొండ_తండాలు’ లాంటి పేర్లు పెట్టుకోండి. ‘కొత్త1’, ‘కొత్త2’ అని పెట్టుకుంటే నెల తిరిగేసరికి మీకే తెలియదు.

ఇక్కడ మేం దెబ్బతిన్నది రెండుసార్లు. పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న కాపీ ఫోల్డర్‌ను కూడా పొరపాటున డొమైన్‌లో చేర్చాం. ప్రతి మాటా రెండుసార్లు లెక్కకొచ్చింది. సంఖ్యలన్నీ సరి సంఖ్యలే ఎందుకున్నాయా అని ఆలోచిస్తేగాని అర్థం కాలేదు. రెండోసారి, డొమైన్‌లో ఫోల్డర్ బదులు విడివిడిగా ఫైళ్లు ఎంచుకున్నాం. తర్వాత వచ్చిన ఫైళ్లు ఆ జాబితాలో లేవని ఎవరికీ తట్టలేదు.

ఇలాంటివి పట్టుకోవడానికి మేం వాడే చిన్న కిటుకు చెప్తాను. ప్రతి ఫైలులో ‘గమనిక’ అనే టియర్ పెట్టి, అందులో మొదటి అనొటేషన్‌గా ఎక్కడా సహజంగా రాని ఒక మాట రాస్తాం, ‘ఫైలుమొదలు’ అని. ఏ వెతుకులాటకైనా ముందు ఆ మాటను వెతుకుతాం. ఫోల్డర్‌లో 62 ఫైళ్లుంటే 62 రావాలి. 61 వస్తే ఒకటి తప్పిపోయింది, 124 వస్తే కాపీలు కలిశాయి. అర నిమిషం పని.

ఇంకోటి. ఈ వెతుకులాట డిస్కులో సేవ్ అయి ఉన్న ఫైలునే చదువుతుంది. పక్క విండోలో ఇప్పుడే దిద్ది సేవ్ చేయకుండా వదిలినది దీనికి కనిపించదు.

మొదటి వెతుకులాట

‘సెర్చ్ మల్టిపుల్ ఈఏఎఫ్’లో డొమైన్ పెట్టుకుని, ‘బాయి’ అని టైపు చేసి వెతకండి. ఫలితాలు పట్టికలా వస్తాయి. ఏ ఫైలు, ఏ టియర్, ముందు అనొటేషన్, దొరికిన అనొటేషన్, తర్వాతిది, మొదలైన సమయం, ముగిసిన సమయం. ఒక వరుస మీద క్లిక్ చేస్తే ఆ ఫైలు సరిగ్గా ఆ చోట తెరుచుకుంటుంది. వెంటనే వినొచ్చు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా ఎలాన్‌కు దండం పెట్టాలి.

మాకు మొదటిసారి వచ్చిన ఫలితాలు చూస్తే నవ్వొచ్చింది. ‘బాయి కాడ’, ‘బాయిల నీళ్లు’, ‘మోట బాయి’ ఉన్నాయి, బాగానే ఉంది. వాటి మధ్యలో ‘అబ్బాయి’. దాని కింద ‘లక్ష్మీబాయి’. దేవరకొండ తండాల్లో తీసిన ఫైళ్లలోనైతే సగం ఆడవాళ్ల పేర్లే, ఎందుకంటే లంబాడీ ఆడవాళ్ల పేర్ల చివర ‘బాయి’ మామూలు. సాదా వెతుకులాట అక్షరాల గుంపును చూస్తుందే తప్ప మాటను చూడదు. ‘అబ్బాయి’ని కంప్యూటర్ అ, బ, పొల్లు, బ, దీర్ఘం, య, గుడి అని ఏడు గుర్తులుగా దాచుకుంటుంది. అందులో చివరి నాలుగూ ‘బాయి’యే.

తెలుగు అక్షరాలతో వచ్చే తంటాలు

పెట్టెలో ‘రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్’ అనే గడి ఉంటుంది, దాన్ని టిక్ చేయండి. అప్పుడు కొన్ని గుర్తులకు ప్రత్యేక అర్థం వస్తుంది. ^ అంటే అనొటేషన్ మొదలు, $ అంటే చివర, | అంటే ‘లేదా’, చుక్క అంటే ఏదో ఒక గుర్తు, దాని పక్కన ? పెడితే ‘ఉన్నా సరే, లేకున్నా సరే’.

‘అబ్బాయి’ని తప్పించాలంటే ఇలా రాయండి:

(^| )బాయి

మాటకు ముందు ఖాళీ అయినా ఉండాలి, అనొటేషన్ మొదలైనా కావాలి అని అర్థం. చివర ( |$) కూడా చేర్చితే ‘బాయి’ ఒక్కటే వస్తుంది, ‘బాయిల’, ‘బాయికి’ పోతాయి. మాకు అవి కావాలి, కాబట్టి చేర్చం. ఇంగ్లిష్ పాఠాల్లో మాట అంచుకు వేరే గుర్తు ఒకటి చెప్తారు, తెలుగు గుణింతాల దగ్గర దాన్ని నమ్మకండి. ఖాళీని నమ్ముకోవడమే మేలు.

‘బాయి’, ‘బావి’ రెండూ ఒకేసారి కావాలంటే:

(^| )బా(యి|వి)

ఇక్కడ చదరపు బ్రాకెట్లలో య, వ పెట్టి బయట గుడి పెడితే పని జరుగుతుందిగానీ, గుడి ఒంటరిగా చుక్కల సున్నా మీద వేలాడుతూ కనిపించి చూసేవాళ్లను కంగారు పెడుతుంది. గుణింతం చేసిన అక్షరాన్ని ముక్కలు చేయకుండా గుండ్రటి బ్రాకెట్లలో నిండుగా రాయడమే అలవాటు చేసుకోండి. చుక్క విషయంలోనూ ఇదే జాగ్రత్త. మన కంటికి ‘కొ’ ఒక అక్షరం, కంప్యూటర్‌కు క ఒకటి, ఒత్వం ఒకటి. ఒక చుక్క ‘కొ’ మొత్తాన్ని మింగదు.

ఇక కంటికి కనిపించని శత్రువు. ‘నల్‌గొండ’ అని రాయాలంటే ల కు పొల్లు ఉంచి, గ ఒత్తుగా మారకుండా మధ్యలో ఒక కనిపించని గుర్తు పెడతాం. జీరో విడ్త్ నాన్ జాయినర్ దాని పేరు. కొన్ని కీబోర్డులు అడక్కుండానే పెడతాయి, కొన్ని పెట్టవు. ఒకరు ‘నల్‌గొండ’ అని, ఒకరు ‘నల్గొండ’ అని, పాత పేరు ఇష్టమైనవాళ్లు ‘నల్లగొండ’ అని రాస్తారు. మూడూ కావాలంటే:

నల్.?గొండ

పొల్లుకూ గ కూ మధ్య ఏమీ లేకపోయినా, కనిపించని గుర్తున్నా, ఇంకో ల ఉన్నా ఇది పట్టుకుంటుంది. ‘మహబూబ్‌నగర్’కూ ఇదే మందు, బ్ తర్వాత .? పెట్టండి.

సున్నాలో ఇంకో గొడవ. మా వాళ్లు ‘వచ్చిండు’ అన్నదాన్ని మాలో ఒకతను ‘వచ్చిన్డు’ అని రాస్తాడు, విన్నది అదేనంటాడు. తప్పనలేం. వెతికేటప్పుడు వచ్చి(ం|న్)డు అని రాస్తే రెండూ దొరుకుతాయి. అలాగే ‘వచ్చిండు’ అని వెతికితే ‘వచ్చిండ్రు’ రాదు, డ తర్వాత ఉకారం బదులు పొల్లు ఉంటుంది కాబట్టి. ‘వచ్చిండ’ వరకే టైపు చేస్తే రెండూ వస్తాయి, వాటితోపాటు ‘వచ్చిండే’ కూడా వస్తుంది. అందుకే ఎక్కడ ఆపాలో ముందే ఆలోచించుకోవాలి. హల్లు దగ్గర ఆపితే వల పెద్దదవుతుంది, గుణింతం దగ్గర ఆపితే చిన్నదవుతుంది.

నా సలహా ఏమిటంటే, ఏ మాట వెతకబోతున్నారో అది మీ బృందంలో ఎవరెవరు ఎలా రాస్తారో ఒక కాగితం మీద ముందు రాసుకోండి. ‘యాడ, ఏడ, ఎక్కడ’. ‘మొగులు, మొగిలు, మబ్బు’. అది చేసేవరకు సెర్చ్ పెట్టె జోలికి పోవద్దు.

రెండు వరుసలు కలిపి వెతకడం

ఎంత చేసినా ‘రుక్కి బాయి’ మిగిలిపోయింది. పేరుకూ ‘బాయి’కీ మధ్య ఖాళీ పెట్టి రాశారు మరి. ఇక్కడ అక్షరాలు చేయగలిగింది ఏమీ లేదు, అర్థం కావాలి.

‘స్ట్రక్చర్డ్ సెర్చ్ మల్టిపుల్ ఈఏఎఫ్’లో మూడు ట్యాబులుంటాయి. సబ్‌స్ట్రింగ్ సెర్చ్ మనం ఇప్పటిదాకా చేసినదే. సింగిల్ లేయర్ సెర్చ్ ఒక టియర్‌లోనో, ఒక రకం టియర్లలోనో, ఒక పార్టిసిపెంట్ మాటల్లోనో వెతకడానికి. మల్టిపుల్ లేయర్ సెర్చ్ రెండు మూడు టియర్లను జోడించి వెతకడానికి.

మల్టిపుల్ లేయర్‌లో గళ్లు కనిపిస్తాయి. ఒక అడ్డ వరుస ఒక టియర్‌కు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ పద్ధతి ఎంచుకుని, పై వరుసకు ‘పదం’ టియర్, గడిలో బా(యి|వి). కింది వరుసకు ‘అర్థం’ టియర్, గడిలో ^బావి$. రెండు వరుసల మధ్య సంబంధం ఏమిటో మెనూలోంచి ఎంచుకోవాలి. మా ‘అర్థం’ టియర్‌లో ఒక్కో అనొటేషన్ ఒక్కో పదానికి అతుక్కుని, అదే సమయం పంచుకుంటుంది, కాబట్టి ‘ఫుల్లీ అలైన్డ్’ సరిపోతుంది. పై టియర్‌లో పెద్ద వాక్యం ఉండి కింద దాని ముక్కలున్నట్లయితే ‘సరౌండింగ్’, ‘వితిన్’ వైపు చూడండి. రెండూ ఏదో ఒక చోట కలిస్తే చాలనుకుంటే ‘ఓవర్‌లాప్’. తప్పు సంబంధం ఎంచుకుంటే అది ఎర్రర్ ఇవ్వదు, మౌనంగా సున్నా చూపిస్తుంది. అందుకే తప్పకుండా ఉందని తెలిసిన ఒక ఉదాహరణను దగ్గర పెట్టుకుని, అది వస్తుందో లేదో ముందు చూడండి.

ఇప్పుడు రుక్కి బాయి పోయింది. ఆమె పేరు దగ్గర ‘అర్థం’లో ‘పేరు’ అని ఉంది. ఆ టియర్‌ను చేత్తో టైపు చేయకుండా కంట్రోల్డ్ వొకాబులరీ పెట్టి జాబితాలోంచి ఎంచుకునేలా చేశాం. లేకపోతే ‘బావి’, ‘బావి ’ అని చివర ఖాళీతో ఒకటి, ఖాళీ లేకుండా ఒకటి తయారయ్యేవి.

ఒకే టియర్‌లో పక్కపక్క మాటలు కావాలంటే సింగిల్ లేయర్‌లో ఎన్-గ్రామ్ పద్ధతులు ఉన్నాయి, అంటే వరుసగా వచ్చే మాటల గుంపును వెతికేవి. మాటలన్నీ ఒకే అనొటేషన్‌లో ఉంటే అనొటేషన్ లోపల వెతికేది, ఒక్కో మాట ఒక్కో అనొటేషన్‌గా ఉంటే అనొటేషన్ల మీదుగా వెతికేది. ‘బాయి # పోయి’ అని సబ్‌స్ట్రింగ్ పద్ధతిలో ఇస్తే మధ్యలో ఏదో ఒక మాట ఉన్న వాక్యాలు వస్తాయి: “బాయి కాడికి పోయిండు”.

ఎవరి నోటి మాట

ఇప్పటికి సంఖ్య వచ్చింది. అయినా ఆగండి. ‘బావి’ అన్నవాళ్ల వరుసలు చూస్తే చాలావాటిలో అడిగేవాళ్ల టియర్ పేరుంది. పట్నంలో చదువుకున్న మా పిల్లలు వెళ్లి “తాతా, మీ బావి ఎప్పుడు తవ్వారు?” అని అడుగుతారు. ఆ ‘బావి’ తాతది కాదు. టియర్‌ను చెప్పేవాళ్లదానికే పరిమితం చేసి మళ్లీ వెతకాలి.

అంతటితోనూ అయిపోదు. అడిగినవాళ్లు ‘బావి’ అంటే మర్యాదకో, అనుకోకుండానో తాత కూడా “బావి అంటవా బిడ్డా, అది మా నాయిన తవ్విచ్చిండు” అని ఆ మాటే పట్టుకుంటాడు. రెండు నిమిషాలయ్యాక, మోట కొట్టిన సంగతి చెప్తూ తన ధోరణిలో పడ్డాక, “బాయిల ఊట మస్తుండె” అంటాడు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం నాకు సమ్మతం కాదు. మేం ఏం చేస్తామంటే, ఇద్దరి టియర్లలోనూ వెతికి ఫలితాలను బయటికి తీసి, ఎక్సెల్‌లో ముందు ఫైలు పేరును బట్టి, తర్వాత మొదలైన సమయాన్ని బట్టి వరుస చేస్తాం. తాత ‘బావి’ పైన వెంటనే అడిగినవాళ్ల ‘బావి’ ఉంటే పక్కన ‘ప్రతిధ్వని’ అని రాస్తాం. దాన్ని విని తేలుస్తాం.

బయటికి తీయడం

ఫలితాల పట్టికను ట్యాబులతో వేరుచేసిన టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసుకోవచ్చు. దాన్ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు చెడిపోయి కనిపించే అవకాశం ఎక్కువ. ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలోంచి టెక్స్ట్ ఫైలు తెచ్చుకుంటూ, యూటీఎఫ్-8 అంటే 65001 అని చూపించేదాన్ని ఎంచుకోండి. లిబ్రేఆఫీస్ తనంతట తానే అడుగుతుంది, నాకు అదే సులువు.

అడిగిన ప్రశ్న “ఎంతమంది” అని గుర్తుందా? మీ చేతిలో ఉన్నది “ఎన్నిసార్లు” అన్న లెక్క. బాయి తవ్వడం గురించే గంట మాట్లాడిన ఒకాయన నలభైసార్లు అనుంటాడు. పివట్ టేబుల్‌లో ఫైలు పేరు ఒకవైపు, మాట రూపం ఇంకోవైపు పెడితే ఏ మనిషి ఏది వాడాడో కనిపిస్తుంది. ఇద్దరు మాట్లాడిన ఫైళ్లుంటే పార్టిసిపెంట్ కోడ్ ఇక్కడే అక్కరకొస్తుంది. మా పట్టికలో చాలామంది ఒకే రూపం మీద నిలబడలేదు. ఒకే మనిషి బోరు సంగతి చెప్తూ ‘బావి’, మోట సంగతి చెప్తూ ‘బాయి’ అన్న చోట్లున్నాయి.

పట్టికలో తేలిన తప్పు స్పెల్లింగులను చాలా ఫైళ్లలో ఒకేసారి మార్చే సౌకర్యం కూడా ఎలాన్‌లో ఉంది. అది ఫైళ్లను నేరుగా తిరగరాస్తుంది, వెనక్కి తీసుకునే దారి ఉండదు. ‘బాయి’ని ‘బావి’గా మార్చమంటే ‘అబ్బాయి’ ‘అబ్బావి’ అవుతుంది, రుక్కి బాయి రుక్కి బావి అవుతుంది. ఫోల్డర్ మొత్తం కాపీ తీసి, తేదీ పేరు పెట్టి పక్కన దాచాకే దాని జోలికి పొండి. ఆ కాపీ డొమైన్‌లోకి రాకుండా కూడా చూసుకోండి.

ఫలితం ఫైలు పక్కనే ఒక చిన్న నోట్ కూడా పెడతాం. ఆరు నెలల తర్వాత ఎవరైనా అడిగితే మళ్లీ అదే వెతుకులాట చేయగలగాలి కదా. మా నోట్ ఇలా ఉంటుంది:

డొమైన్: పాలమూరు_అన్నీ. పరీక్ష మాట ‘ఫైలుమొదలు’: 62. వెతికింది: బా(యి|వి), పదం టియర్. జోడీ: ^బావి$, అర్థం టియర్, ఫుల్లీ అలైన్డ్. అడిగేవాళ్ల టియర్ విడిగా తీశాం. విని తేల్చాల్సినవి: మక్తల్_07, కొల్లాపూర్_02.